ఎత్తు తక్కువగా ఉన్నవారు రోజూ తిరగడానికి స్కూటర్ మేలా, బైకు మేలా?

ప్రశ్న

నమస్కారం. నా ఎత్తు 150 సెంటీమీటర్లు. గోడకు వీపు ఆనించి నిలబడి, కాళ్ల మధ్య గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని పైకి నొక్కిపట్టి కొలిస్తే, కాలి లోపలి పొడవు 68 సెంటీమీటర్లు వచ్చింది. పనికి వెళ్లి రావడానికి రోజూ 30 కిలోమీటర్లు తిరగాలి. దారిలో సిగ్నళ్లు ఎక్కువ, మధ్యలో ఒక వంతెన ఎక్కాలి, బండి నిలిపే చోటు ఇరుకుగానూ కాస్త వాలుగానూ ఉంటుంది. సైకిల్ బాగా వచ్చు. స్నేహితురాలి స్కూటర్ మీద ఖాళీ మైదానంలో నెల రోజులు నేర్చుకున్నాను.

నాకు అంతుపట్టనిది ఒకటుంది. సీటు ఎత్తు 760 మిల్లీమీటర్లని రాసి ఉన్న స్కూటీ జెస్ట్ మీద కూర్చుంటే మునివేళ్లు మాత్రమే నేలకు తగిలాయి. 785 అని ఉన్న స్ప్లెండర్ మీద కూర్చున్నా దాదాపు అంతే తగిలాయి. 25 మిల్లీమీటర్ల తేడా ఏమైపోయినట్టు? ఆ అంకెను నమ్మి బండి ఎంచుకోవచ్చా?

సమాధానం 1

ఆ తేడా సీటు వెడల్పులో కలిసిపోయిందండి. సీటు ఎత్తు అంటే నేల నుంచి సీటు మీది అతి పల్లమైన చోటికి నిట్టనిలువుగా కొలిచిన దూరం, కానీ మన కాలు నిట్టనిలువుగా దిగదు. తొడ లోపలివైపు నుంచి సీటు అంచు మీదుగా పక్కకు తిరిగి, ఆ తర్వాతే కిందికి వస్తుంది. స్కూటర్ సీటు కింద సామాన్ల అర ఉంటుంది కాబట్టి సీటు వెడల్పుగా ఉంటుంది, దానికి తోడు ఫుట్‌బోర్డు అంచులు కాళ్లను ఇంకా ఎడంగా నెడతాయి. బైకు సీటు ట్యాంకు దగ్గర సన్నబడుతుంది కాబట్టి, కాస్త ముందుకు జరిగి కూర్చుంటే కాళ్లు తిన్నగా దిగుతాయి. బండి చూడడానికి వెళ్లినప్పుడు అంకె చదివి వచ్చేయకుండా, రోజూ వేసుకునే చెప్పులతోనే ఎక్కి, సీటు ముందు కొసకు జరిగి చూడండి.

ఇక రెండు పాదాలూ పూర్తిగా ఆనాలన్న పట్టుదల వదిలేయండి. సిగ్నల్ దగ్గర కావలసింది ఒక్క పాదమే, అయితే అది మడమతో సహా ఆనాలి. ఆగేముందు నడుమును ఒక పక్కకు కొద్దిగా జరిపితే ఆ వైపు కాలికి మూడు నాలుగు సెంటీమీటర్లు కలిసివస్తాయి. ఇక్కడే స్కూటర్‌కు ఉన్న అసలు సౌలభ్యం తెలుస్తుంది. దాని బ్రేకులు రెండూ చేతుల్లో ఉంటాయి కాబట్టి ఏ కాలైనా దించవచ్చు. గేర్ల బైకులో వెనక బ్రేకు కుడి పాదం కింద ఉంటుంది. మీరు చెప్పిన వంతెన ఎక్కుడులో ఆగితే, కుడి పాదం బ్రేకు మీద, ఎడమ పాదం నేల మీద, ఎడమ చెయ్యి క్లచ్ మీద ఉండగా బండి కుడివైపు ఒరిగిందంటే, బ్రేకు వదలకుండా కాలు దించడం కుదరదు. ముందు బ్రేకుతో ఆపుకోవచ్చు గానీ, అదే చేత్తో యాక్సిలరేటర్ తిప్పుతూ బ్రేకు వదలడం కొత్తవారికి అంత తేలిక కాదు. మీ దారికి స్కూటరే తగినదని నా అభిప్రాయం.

సమాధానం 2

పై మాటలు చాలావరకు సరైనవే గానీ, బైకును అంత తొందరగా పక్కన పెట్టనక్కరలేదు. దాని చక్రాలు పెద్దవి కనుక గుంతల్లో తక్కువ కుదుపుతుంది, మోకాళ్లతో ట్యాంకును పట్టి కూర్చుంటే బండి మన ఒంటితో పాటే కదులుతుంది. నా ఎత్తు 153 సెంటీమీటర్లు. పదకొండేళ్లుగా గేర్ల బండే నడుపుతున్నాను. మొదటి రెండు నెలలు ఆగిన ప్రతిచోటా గుండె దడదడలాడిందన్నది మాత్రం నిజం.

అయితే సీటు కిందికి ఉందని క్రూజర్ల (పల్లపు సీటుతో, కాళ్లు ముందుకు పెట్టి కూర్చునే బరువైన బైకులు) జోలికి వెళ్లవద్దు. అవెంజర్ క్రూజ్ సీటు 737 మిల్లీమీటర్లే, కానీ బరువు 163 కిలోలు, పైగా కాళ్లు ముందుకు చాపి పెట్టుకోవాలి, పొట్టి కాళ్లకు అదే ఇబ్బంది. మీటియర్ 350 సీటు 765, అంటే మీరు ఎక్కిన స్కూటర్ కంటే ఐదే మిల్లీమీటర్లు ఎక్కువ. బరువు మాత్రం ఆ స్కూటర్‌ది 103 కిలోలైతే దీనిది 191. మునివేళ్ల మీద నిలబడి 191 కిలోలను వాలులో వెనక్కి నెట్టడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. సీటు ఎత్తు అడిగిన ప్రతిసారీ బరువు కూడా అడగాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న మళ్లీ వెళ్లి, నడుము జరిపి కూర్చుంటే స్కూటర్ మీద ఎడమ మడమ ఆనింది. కానీ సెంటర్ స్టాండ్ వేయబోతే బండి కదలనే లేదు. రెండు చేతులతో లాగితే భుజం పట్టేసింది. సీటు ఎత్తు తగ్గించే మార్గాలు కూడా ఉన్నాయంటున్నారు. అవి చేయించవచ్చా?

సమాధానం 3

స్టాండ్ చేతుల బలంతో వేసేది కాదండి, ఒంటి బరువుతో వేసేది. ఎడమ చేత్తో హ్యాండిల్‌ను తిన్నగా పట్టుకుని, కుడి చెయ్యి వెనక కడ్డీ మీద వేసి, స్టాండ్ కాలును పాదంతో నొక్కి రెండు కొసలూ నేలకు సమానంగా తగిలాయో లేదో చూసుకోండి. తర్వాత మెట్టు ఎక్కినట్టు ఆ పాదం మీదికి మొత్తం బరువు వేసి నిలబడితే బండి తనంతట తానే వెనక్కి లేస్తుంది. చెయ్యి దారి చూపితే చాలు. అప్పటికీ లేవకపోతే వెనక చక్రం కింద వేలు మందం చెక్క ముక్క పెట్టి చూడండి.

ఎత్తు తగ్గించే పనుల్లో నేను ఒప్పుకునేది సీటు పని ఒక్కటే. చాలామంది స్పాంజిని పైనుంచి కోయిస్తారు. దానివల్ల రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది గానీ, గంటసేపు కూర్చుంటే కింద రేకు తగిలినట్టే ఉంటుంది. దానికి బదులు సీటు ముందు భాగంలో రెండు పక్కల అంచులను చెక్కించి గుండ్రం చేయించండి. వెడల్పు తగ్గితే కాలు తిన్నగా దిగుతుందని పైన చెప్పారు కదా, దాన్నే ఇక్కడ వాడుకుంటున్నాం. వెనక షాక్ అబ్జార్బర్‌కు బిగువు మార్చే మెట్లు ఉంటే అన్నిటికన్నా మెత్తని మెట్టులో పెట్టించండి. తేలికగా ఉన్న మనిషి కూర్చుంటే స్ప్రింగు పెద్దగా దిగదు, మనకు సీటు మరీ ఎత్తుగా అనిపించడానికి అదీ ఒక కారణం.

పొట్టి షాక్ అబ్జార్బర్ వేయించడం మాత్రం వద్దు. బండి కిందికి దిగినా సైడ్ స్టాండ్ పొడవు అంతే ఉంటుంది కాబట్టి, బండి స్టాండ్ వైపు వాలకుండా నిలువుగా నిలబడి, చిన్న తోపుకే అవతలి వైపు పడిపోతుంది. సెంటర్ స్టాండ్ వేయడం ఇంకా కష్టమవుతుంది, స్పీడ్ బ్రేకర్లకు అడుగు భాగం గీసుకుంటుంది.

వాలులో నిలిపేటప్పుడు బండి ముక్కును పల్లంవైపు గోడకు చేర్చి పెట్టకండి, తీసేటప్పుడు ఎగువకు వెనక్కి లాగాల్సి వస్తుంది. ముక్కు బయటికి వెళ్లే వైపు ఉండేలా పెట్టండి. అలా తిప్పడానికి చోటు చాలకపోతే సీటు మీద కూర్చుని మునివేళ్లతో నెట్టకుండా, దిగి పక్కన నడుస్తూ తిప్పండి. ఇంకొకటి, రోడ్డు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండి అంచులకు వాలుతుంది కనుక, అంచు పక్కన ఆగినప్పుడు ఆ వైపు కాలికి నేల ఇంకాస్త కిందికి ఉంటుంది. స్కూటర్ తీసుకుంటే ఎత్తుగా ఉన్న వైపు కాలు దించే వీలు మీకు ఎప్పుడూ ఉంటుంది.