వైరస్ పడితే బాధ్యత ఎవరిది: సాఫ్ట్‌వేర్ కంపెనీదా, కొన్నవాడిదా?

కోఠి_హోల్‌సేల్
మాది మందుల హోల్‌సేల్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇక్కడి కంపెనీదే, ఏటా ఏఎంసీ (నిర్వహణ ఒప్పందం) కడుతున్నాం. ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన కుర్రాడు యాంటీవైరస్ తీసేయమన్నాడు, అది ఉంటే వాళ్ల ప్రోగ్రామ్‌ను బ్లాక్ చేస్తుందట. ఫోన్ చేయగానే ఆఫీసు నుంచే సరిచేస్తామని రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి ఉంచాడు. పాస్‌వర్డ్ పెట్టింది కూడా వాళ్లే. దసరా సెలవులయ్యాక షాపు తీస్తే ఒక్క ఫైలూ తెరుచుకోవడం లేదు, స్క్రీన్ మీద బిట్‌కాయిన్ అడుగుతూ నోటు. బ్యాకప్ అదే మెషీన్‌లో డీ డ్రైవ్‌లో పెట్టుకునేది వాళ్ల సాఫ్ట్‌వేర్, కాబట్టి అదీ పోయింది. అడిగితే "వైరస్‌కు మా బాధ్యత ఉండదు సార్" అంటున్నారు. ఎవరైనా ఇలాంటి నష్టం వసూలు చేశారా? రిటర్న్‌లు వేయాలి, డేటా తిరిగొచ్చే దారి ఉందా?

సర్వర్‌రూమ్_మాదాపూర్
రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టారంటే ఇక చెప్పేదేముంది. నేను పెద్ద పెద్ద డేటాసెంటర్లు చూసుకునేవాణ్ణి, ఇలాంటివి రోజూ చూస్తాను. జనం అప్‌డేట్లు వేసుకోరు, తర్వాత కంపెనీని తిడతారు. ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ 2017 మే 12న మొదలైంది. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్, అంటే లోపం సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది. ఇంకేం చేయాలి, ఇంటికొచ్చి వేసిపోవాలా?

చిక్కడపల్లి_డీటీపీ
వచ్చి వేసినా మా మెషీన్‌కు పడదు లెండి. మావి పాత అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్. పాత విండోస్ ఎక్స్‌పీ మీద తప్ప సరిగా నడవవు. శుభలేఖలో ఒక వత్తు అటూ ఇటూ అయితే పెళ్లివాళ్లు ఊరుకుంటారా? ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆపేశారు. అదే వన్నాక్రై వచ్చిన మర్నాడు ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ బయటపెట్టారు. సపోర్ట్ అయిపోయాక కూడా విడిగా డబ్బు కట్టే పెద్ద సంస్థలకు ఇస్తూనే ఉన్నారు. చేయగలిగి కూడా మాకు చేయలేదనేగా?

సర్వర్‌రూమ్_మాదాపూర్
మీ ఎక్స్‌పీ ఒరిజినలేనా? ముందు అది చెప్పండి.

చిక్కడపల్లి_డీటీపీ
2005లో హైదరాబాద్‌లో అసెంబుల్డ్ సిస్టమ్ తీసుకున్నవాళ్లలో ఎవరిది ఒరిజినలో మీరే చెప్పండి. అసెంబుల్ చేసినవాడే సీడీ వేసి ఇచ్చాడు. మీ మొదటి కంప్యూటర్‌లో ఏముందో మాకు తెలియదా?

సర్వర్‌రూమ్_మాదాపూర్
దొంగ కాపీ వాడుతూ కంపెనీ బాధ్యత గురించి మాట్లాడటం బాగుంది. పైసా కట్టనివాడికి వారంటీ కావాలట.

అమీర్‌పేట_ఫ్యాకల్టీ
మెల్లగా. ఈ ఊళ్లో సగంమంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు మైత్రీవనం ముందు అమ్మిన సీడీలతోనే పని నేర్చుకున్నారు, ఇప్పుడు నీతులు ఎందుకు? అసలు గొడవ నల్లస్క్రీన్‌తో వచ్చింది. "మీ విండోస్ అసలుది కాదు" అని చూపిస్తుందన్న భయంతో జనం ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేశారు. నిజానికి ముఖ్యమైన సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆ దారిలో పైరేటెడ్ కాపీలకు కూడా వచ్చేవి.

చిక్కడపల్లి_డీటీపీ
ఆ ముక్క మాకు అప్పుడు ఎవరు చెప్పారండీ? నల్లస్క్రీన్ మీద మాత్రం పెద్ద అక్షరాలతో రాశారు.

కూకట్‌పల్లి_పద్మ
మీరంతా కంప్యూటర్ల దగ్గరే ఆగిపోయారు. మా అత్తయ్యకు వాట్సాప్‌లో ట్రాఫిక్ చలాన్ పేరుతో ఏపీకే ఫైల్ వచ్చింది, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్. బండి మామయ్య పేరు మీద ఉంది కాబట్టి నిజమే అనుకున్నారు. ఫోన్ ఏది అడిగితే దానికి ఓకే నొక్కారు. అందులో మెసేజ్‌లు చదివే పర్మిషన్ కూడా ఉంది. తర్వాత ఓటీపీలు వాటంతటవే వెళ్లిపోయాయి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం కాబట్టి కొంత డబ్బు హోల్డ్‌లో పడింది. నా ప్రశ్న ఒక్కటే. ఓటీపీలు చదివే పర్మిషన్‌ను ఒక్క నొక్కుతో ఇచ్చేసేలా ఫోన్ తయారుచేసినవాళ్ల తప్పు లేదా?

మౌలాలి_మొండి
ఇంట్లో దొంగలు పడితే తాళం కంపెనీ మీద కేసు పెడతామా? వైరస్ రాసినవాణ్ణి పట్టుకోండి.

కోఠి_హోల్‌సేల్
అన్నా, నా కేసులో ఆ కంపెనీ తాళంచెవి తన దగ్గరే పెట్టుకుని, తలుపు తీసే ఉంచమంది. తేడా లేదా?

అమీర్‌పేట_ఫ్యాకల్టీ
రాసినవాణ్ణి పట్టుకున్నా ఏమవుతుంది? 2000లో ఐలవ్‌యూ వైరస్ రాసినవాడు ఫిలిప్పీన్స్‌లో దొరికాడు. అప్పటికి అక్కడ దానికి తగిన చట్టమే లేదు, వదిలేశారు.

నాంపల్లి_లాయర్
మన దగ్గర చట్టం ఉంది. ఐటీ చట్టం 2000, సెక్షన్ 43. యజమాని అనుమతి లేకుండా వైరస్ ప్రవేశపెట్టినా, ప్రవేశించేలా చేసినా పరిహారం కట్టాలి. 5 కోట్ల వరకు క్లెయిమ్‌లను అడ్జుడికేటింగ్ అధికారి వింటారు, రాష్ట్రంలో ఆ బాధ్యత ఐటీ కార్యదర్శిది. అయితే ఈ సెక్షన్ చూసేది చొరబడినవాణ్ణి. లోపంతో సరుకు అమ్మినవాడిని దీని కింద నిలబెట్టడం కష్టం. పైగా లైసెన్స్ ఒప్పందంలో "ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం" అని ముందే రాసుకుంటారు. కోఠి గారిది కొంచెం వేరు, అక్కడ ఏఎంసీ ఉంది, అంటే సేవలో లోపం అని వాదించవచ్చు. యాంటీవైరస్ తీసేయమన్న మాట రాతలో ఉందా?

కోఠి_హోల్‌సేల్
వాట్సాప్‌లో ఉంది. "ఆఫ్ చేసి ఫొటో పెట్టండి" అన్నాడు. పెట్టాను కూడా.

నాంపల్లి_లాయర్
ఆ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. ముందు పోలీసు ఫిర్యాదు.

కొత్తపేట_టెస్టర్
కంపెనీలు అమాయకులన్నట్టు మాట్లాడకండి. 2005లో సోనీ బీఎంజీ పాటల సీడీలు గుర్తున్నాయా? కాపీ చేయకుండా ఆపడానికి, కంప్యూటర్‌లో చెప్పకుండా రూట్‌కిట్ (ఫైళ్లను కనబడకుండా దాచే ప్రోగ్రామ్) దించేవి. ఫైలు పేరు ముందు ఫలానా గుర్తు ఉంటే అది కనబడకుండా పోయేది. తర్వాత వైరస్‌లు రాసేవాళ్లు ఆ గుర్తు తగిలించుకుని అదే ముసుగులో దాక్కున్నారు. చివరికి సీడీలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. లోపల పనిచేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా, సెక్యూరిటీ టెస్టింగ్ అంటే రిలీజ్‌కు ముందు మిగిలిన సాయంత్రం, అంతే. యూరప్‌లో దీనికి చట్టమే చేశారు. 2027 డిసెంబర్ నుంచి అక్కడ అమ్మే సాఫ్ట్‌వేర్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వడం తయారీదారు బాధ్యత. మా మేనేజర్లకు టెన్షన్ అప్పుడే మొదలైంది.

సర్వర్‌రూమ్_మాదాపూర్
అప్‌డేట్లే దేవుళ్లు అనుకోకండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌కు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి.

మౌలాలి_మొండి
ఇందాక అప్‌డేట్ వేసుకోనివాళ్లను తిట్టింది మీరేగా?

అమీర్‌పేట_ఫ్యాకల్టీ
ఆరోజు మన ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. చేతిరాత మాత్రం బాగుంది.

కూకట్‌పల్లి_పద్మ
నా ప్రశ్న అలాగే ఉంది. ఎయిర్‌పోర్టు చేతిరాతకు మాత్రం టైమ్ ఉంది.

సర్వర్‌రూమ్_మాదాపూర్
కోఠి గారూ, ఫార్మాట్ కొట్టకండి. డిస్క్ తీసి పక్కన పెట్టి, నోమోర్‌రాన్సమ్ సైట్‌లో ఒక లాక్ అయిన ఫైలు, ఆ నోటు అప్‌లోడ్ చేయండి. యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో పెట్టారు, ఉచితం. మీకు పడిన రకానికి ఫైళ్లు తెరిచే తాళంచెవి దొరికి ఉంటే అక్కడ ఉంటుంది. లేకపోతే ఆ డిస్క్ దాచుకోండి, తర్వాతైనా రావచ్చు. డబ్బు మాత్రం కట్టకండి. రిటర్న్‌ల కోసం జీఎస్‌టీ పోర్టల్‌లో కనబడే కొనుగోలు వివరాలు, మీ పార్టీల దగ్గరున్న బిల్లులు కలిపి మళ్లీ ఎక్కించుకోవడమే.

చిక్కడపల్లి_డీటీపీ
కోపం పక్కన పెట్టి నాకూ ఒకటి చెప్పండి. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. కొత్త సిస్టమ్ కొంటే నా పేజ్‌మేకర్ సంగతేంటి?

సర్వర్‌రూమ్_మాదాపూర్
కొత్తదాంట్లో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్ లాంటి ప్రోగ్రామ్) పెట్టి, అందులో ఎక్స్‌పీ వేసి, దానికి నెట్ కట్ చేయండి. ఒరిజినల్ ఎక్స్‌పీ.