ప్రమోషన్‌కి ట్రైనింగ్ గంటలు లెక్కపెట్టడం సరైనదేనా?

పాతఫైలు:
ఏడాదికి ఇన్ని గంటల ఆన్‌లైన్ కోర్సులు పూర్తిచేస్తేనే ప్రమోషన్‌కి అర్హత అన్న ఆలోచన ప్రభుత్వ ఉద్యోగాల్లో బలపడుతోంది. నేను దీనికి వ్యతిరేకిని. శిక్షణకు కాదు, గంటల లెక్కకు.

ఇరవై రెండేళ్లుగా సీట్లో ఉన్నాను. ఫైలు మీద ఏం చేయాలో సూచిస్తూ నోట్ రాయడం నాకు నేర్పింది మా సూపరింటెండెంట్ గారు. నా మొదటి నోట్‌ను మూడుసార్లు తిప్పి పంపారు. మూడోసారి పిలిచి, "రూలు నంబరు బాగానే రాశావు. ఇంతకీ ఆ అర్జీదారుకి ఏం చెబుదామంటావు?" అని అడిగారు. ఇప్పటికీ ఏ ఫైలు తెరిచినా ముందు ఆ ప్రశ్నే వేసుకుంటాను. ఈమధ్య మా ఆఫీసులో ఒక పక్క కోర్సు వీడియో నడుస్తుంటుంది, ఇంకో పక్క ఫైళ్లు కదులుతుంటాయి. చివర్లో సర్టిఫికెట్ వచ్చేస్తుంది. దాన్ని నైపుణ్యం అనడానికి నాకు మనసొప్పదు.

బోధిని:
పాతఫైలు గారూ, మీకు మంచి సూపరింటెండెంట్ దొరికారు. దొరకనివాళ్ల మాటేమిటి? "పాత నోట్ చూసి అలాగే రాసెయ్" అన్నదీ సీట్లో నేర్పే చదువే. తప్పు కూడా అలాగే ఒక తరం నుంచి ఇంకో తరానికి దిగుతుంది.

నేను శిక్షణ తరగతులు చెబుతాను. తప్పనిసరి అన్న మాట తీసేస్తే ఏమవుతుందో చూశాను. "ఈయన వారం రోజులు వెళ్తే సీటు ఎవరు చూస్తారు?" అని పై అధికారి రిలీవ్ చేయరు. గంటల నిబంధన ఉంటేనే కింది ఉద్యోగికి అడిగే హక్కు వస్తుంది. భారతదేశంలో 2020 సెప్టెంబరులో ప్రభుత్వోద్యోగుల శిక్షణ పథకం మిషన్ కర్మయోగిని ఆమోదించినప్పుడు సుమారు 46 లక్షల మంది కేంద్ర ఉద్యోగులను దృష్టిలో పెట్టుకున్నారు. అకాడమీ మెట్లు ఎప్పుడూ ఎక్కని గుమాస్తాకూ అందులో చోటుంది. నాకది చిన్న విషయంగా కనిపించదు.

పాతఫైలు:
రిలీవ్ చేయరన్నది నిజం, ఒప్పుకుంటున్నాను. నేనూ రెండుసార్లు అలాగే ఆగిపోయాను.

కానీ మీరు చెప్పిన పథకానికే అప్పట్లో ఐదేళ్లకు కేటాయించింది 510.86 కోట్ల రూపాయలు. 46 లక్షల మందికి పంచితే తలకు దాదాపు 1,110 రూపాయలు, అంటే ఏడాదికి 220 చొప్పున. ఆ డబ్బుతో వీడియో చూపించగలరు. పక్కన కూర్చుని తప్పు దిద్దే మనిషిని ఇవ్వలేరు.

ఇంకో మాట. బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగ వ్యవస్థను పరిశీలించిన ఫుల్టన్ కమిటీ 1968లోనే ఇదంతా తవ్వింది. అన్నీ కొంచెం కొంచెం తెలిసిన అధికారులతో పని నడవదని, పైగా వాళ్లను ఒక పోస్టు నుంచి ఇంకో పోస్టుకి మరీ తరచుగా మారుస్తున్నారని చెప్పింది. దాని సిఫార్సు మీద 1970లో సివిల్ సర్వీస్ కాలేజీ తెరిచారు. పేర్లు మారుతూ వచ్చిన ఆ సంస్థ 2012లో మూతపడింది. తరచూ మార్చే అలవాటు మాత్రం అక్కడ ఇంకా చర్చలోనే ఉంది. కాలేజీ కట్టడం తేలిక, మనిషిని మూడేళ్లు ఒక సీట్లో ఉండనివ్వడమే కష్టం.

అర్జీదారు:
నేను ఉద్యోగిని కాను, కౌంటరుకి ఇవతల నిలబడేవాణ్ణి. ఒక పని మీద నాలుగు నెలల్లో ముగ్గురు అధికారుల్ని కలిశాను. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు, ముగ్గురూ "కొత్తగా వచ్చాను" అన్నారు. ప్రతిసారీ కథ మొదటినుంచి నేనే చెప్పాలి. సర్టిఫికెట్లు ఎన్నున్నాయో నాకు అనవసరం. పాత అధికారి వెళ్లేలోపు కొత్తవారితో పది రోజులు కూర్చుని పెండింగు ఫైళ్లు అప్పగిస్తే నాకు అంతకన్నా మేలు లేదు.

బోధిని:
అర్జీదారు గారి మాట విన్నాక నా వాదన కొంత మార్చుకుంటున్నాను. గంటలు ఉండనివ్వండి, రిలీవ్ అయ్యే హక్కు కోసం. ప్రమోషన్‌కి మాత్రం వాటిని కొలతగా పెట్టొద్దు. శిక్షణ అయిన ఆరు నెలలకు ఆ ఉద్యోగి రాసిన అసలు ఫైళ్లు ఐదు తీసి, వేరే ఆఫీసులోని అనుభవజ్ఞుడి చేత చదివించాలి. నిర్ణయం స్పష్టంగా ఉందా, కారణం రాశారా, అర్జీదారుకి అర్థమయ్యేలా జవాబు వెళ్లిందా, ఈ మూడూ చూస్తే చాలు.

పాతఫైలు:
దీనికి సంతోషంగా ఒప్పుకుంటాను. ఒక్క సందేహం. ఆరు నెలలు తిరిగేలోపే ఆ ఉద్యోగిని వేరే సీటుకి మార్చేస్తే, ఏ ఫైళ్లు తీస్తారు?