బర్గర్స్ సమీకరణం: కాలం 1 దాటగానే శ్రేణి ఎందుకు చెదురుతోంది?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, కావలి):
తీరంలో రొయ్యల చెరువుల పక్కనున్న ఇసుక నేలల్లో భూగర్భ నీటిమట్టం మారే తీరును చెప్పే బూసినెస్క్ సమీకరణాన్ని ప్రాజెక్టుగా తీసుకున్నాను. దాని జోలికి వెళ్లే ముందు చేయి తిరగడానికని, అడోమియన్ వియోజన పద్ధతిని (సాధనను పదాల శ్రేణిగా విడగొట్టి, ఒక్కో పదాన్నీ వరసగా కనుక్కునే పద్ధతి) స్నిగ్ధత (ద్రవంలోని అంతర్గత ఘర్షణ) గల ప్రవాహపు వేగాన్ని చెప్పే బర్గర్స్ సమీకరణం మీద ప్రయోగించాను. ప్రారంభ వేగం స్థానానికి సమానమనుకుంటే, స్థానం × (1 − కాలం + కాలం² − కాలం³ + …) అనే శ్రేణి వచ్చింది. స్థానం 1, కాలం 2 వద్ద పదాలు కలుపుతూ పోతే 1, −1, 3, −5, 11 అని విలువలు అటూ ఇటూ ఎగిరిపోతున్నాయి. తప్పు ఎక్కడ చేశానో పెద్దలు చెప్పగలరా?

జవాబు (అధ్యాపకుడు, ఒంగోలు):
తప్పేమీ లేదమ్మా. ప్రారంభ వేగం సరళరేఖ కావడంతో స్నిగ్ధత పదం సున్నా అవుతుంది; కచ్చితమైన సాధన స్థానం ÷ (1 + కాలం), అంటే మీరు చూసిన చోట మూడో వంతు. ఆ సాధనకు కాలం −1 వద్ద ధ్రువం (విలువ అనంతమయ్యే బిందువు) ఉంది. గడిచిన కాలంతో మనకు పని లేకపోయినా, సున్నా నుంచి ఆ ధ్రువానికి ఉన్న దూరమే శ్రేణికి అభిసరణ వ్యాసార్థం (పదాల మొత్తం ఒక స్థిర విలువకు చేరే పరిధి) కాబట్టి, ముందువైపు కూడా అది 1 దగ్గరే చేతులెత్తేస్తుంది. మొదటి రెండు పదాలను, లవంలో స్థిరాంకమూ హారంలో మొదటి ఘాతమూ ఉండే పాడే భిన్నంగా (మొదటి పదాల్లో శ్రేణితో సరిపోయే బహుపదుల భిన్నం) మార్చి చూడండి, కచ్చితమైన సాధనే వస్తుంది. ప్రతి సమీకరణానికీ ఇంత అదృష్టం ఉండదనుకోండి.

జవాబు (పరిశోధక విద్యార్థి, నెల్లూరు):
చైనా పరిశోధకుడు లియావో 1992లో ప్రతిపాదించిన హోమోటోపీ విశ్లేషణ పద్ధతిలో (తేలికైన తొలి అంచనా నుంచి అసలు సాధనకు క్రమంగా చేరే శ్రేణి పద్ధతి) అభిసరణను నియంత్రించే పరామితి ఒకటి ఉంటుంది. దాన్ని −1గా తీసుకుంటే మీ శ్రేణే తిరిగి వస్తుంది. −0.5గా తీసుకుంటే అభిసరణ కాలం 3 వరకు సాగుతుంది: కాలం 2 వద్ద 1, 0, 0.5, 0.25, 0.375, 0.3125 అంటూ మూడో వంతును చేరుకుంటుంది. చిన్న కాలానికే గ్రాఫు గీసి పద్ధతి గొప్పదని రాసే వ్యాసాలను నేనైతే నమ్మను.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలు సార్. బూసినెస్క్ సమీకరణానికీ ఇదే దారి సరిపోతుందా?

జవాబు (అధ్యాపకుడు, ఒంగోలు):
నీటిమట్టం అంతటా అడుగు పొరకు బాగా పైన ఉంటే సరిపోవచ్చు. పొడి నేలలోకి నీరు పాకే సందర్భంలో మాత్రం అంచు వద్ద ఎత్తు సున్నా అయి, వ్యాపన గుణకమూ (నీరు ఎంత త్వరగా పాకుతుందో చెప్పే రాశి) సున్నా అవుతుంది. పరిమిత వేగంతో కదిలే ఆ అంచును కాలపు ఘాతశ్రేణి పట్టుకోలేదు. ఒక్కసారిగా వదిలిన నిర్ణీత పరిమాణపు నీరైతే, దూరాన్ని కాలపు ఘనమూలంతో భాగించి కొత్త చలరాశిగా తీసుకోండి. అప్పుడది సాధారణ అవకలన సమీకరణంగా మారి, పరావలయాకారపు కచ్చితమైన సాధననే ఇస్తుంది.