కాసే బ్లూబెర్రీ పొదను మొదలంటా కోసేయాలా? అమ్మ వద్దంటోంది

నాషువా_పెరడు:
మేం అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో ఉంటాం. ఇంటి ముందు వాలులో నాలుగేళ్ల కిందట ఆరు అడవి బ్లూబెర్రీ మొక్కలు పెట్టాను. నర్సరీలో కొన్నవే, అడవిలో తవ్వి తెచ్చినవి కావు. ఒకే తల్లి మొక్క పిలకలైతే సరిగా కాయవని రెండు వేర్వేరు తల్లి మొక్కలవి కలిపి ఇచ్చారు. ఇప్పుడవి పాకి చాపలా పరుచుకున్నాయి, మోకాలి ఎత్తు కూడా లేవు. నిరుడు మూడు గిన్నెల కాయలొచ్చాయి. ఈ ఏడు ఒక్క గిన్నె నిండలేదు. పక్కింటి పెద్దాయన "ఆకు రాలాక లాన్ మోవర్ కిందికి దించి మొత్తం కొట్టేయ్, పక్కన మెయిన్ రాష్ట్రంలో అందరూ అంతే" అంటున్నాడు. అమ్మ జూన్‌లో అనకాపల్లి నుంచి వచ్చింది. "కాసే చెట్టు మీద కత్తి పెడతావా" అని ఒకటే గొడవ. ఎవరి మాట వినను?

బాంగోర్_బాబాయ్:
పక్కింటాయన మాటే వినమ్మా. మేముండేది మెయిన్‌లోనే. ఆగస్టులో వాషింగ్టన్ కౌంటీ వైపు వెళ్తే మైళ్ల కొద్దీ ఇవే పొదలు. ఎవరూ నాటినవి కావు, ఇసుకా రాళ్లూ కలిసిన నేలలో వాటంతటవే పుట్టినవి. రైతులు ఏడు విడిచి ఏడు వాటిని నేలమట్టానికి కోస్తారు, లేదా కాలుస్తారు. కాల్చడం ఇక్కడి వబనాకి ఆదివాసుల దగ్గర నేర్చిన పద్ధతి. చూస్తే మన పోడు గుర్తొస్తుంది, కాకపోతే కాల్చాక విత్తనం వేసే పని లేదు. అల్లం, పసుపులాగా నేల కింద పాకే కాండం ఉంటుంది, అదే మళ్లీ లేస్తుంది. మొక్కలో ఎక్కువ భాగం ఆ కిందే ఉంది, నువ్వు చూస్తున్నది పైపైనే.

ఇప్పుడే బయటికెళ్లి రెండు కొమ్మలు పట్టుకుని చూడు. పాతది బూడిద రంగులో, పైన చీపురులా సన్న పుల్లలుగా చీలి ఉంటుంది. పుల్లకు ఒకటో రెండో మొగ్గలు. ఈ వేసవిలో నేల లోంచి కొత్తగా లేచినది జానెడు పొడవున, నున్నగా ఉంటుంది. దాని కొసన వరసగా లావుపాటి మొగ్గలుంటాయి. అవి పూమొగ్గలు, ఒక్కోదాంట్లో ఒక గుత్తి. కింద సన్నగా మొనదేలి ఉన్నవి ఆకు మొగ్గలు. కోత వేసేది కొమ్మలన్నీ ఆ రెండో రకంవే కావాలని. కోసిన ఏడు కాయ ఉండదు, ఆ తర్వాతి ఏడు విరగ్గాస్తుంది.

కత్తెరకి_దూరం:
బాబాయ్ గారు చెప్పింది పొలం లెక్క. ఇది ఆరు మొక్కల మడి. మెయిన్ పొలాల్లో నేల కింద ఎన్నో దశాబ్దాలుగా పాకిన కాండం ఉంది, దాని బలంతో అది లేస్తుంది. నాలుగేళ్ల మొక్కకు అంత నిల్వ ఎక్కడిది? పైగా పొద తీసేస్తే నేల మీద ఎండ పడి గడ్డి లేస్తుంది. దీని వేళ్లు పైపైనే ఉంటాయి, గడ్డి పీకితే అవీ వస్తాయి. మేం మసాచుసెట్స్‌లో ఏటా మార్చిలో బూడిద రంగు కొమ్మలు మాత్రం మూడో వంతు తీస్తాం. ఏ ఏడూ కాపు పూర్తిగా పోలేదు.

బాంగోర్_బాబాయ్:
మూడో వంతు తీస్తే ఎన్ని గిన్నెలొచ్చాయో చెప్పండి మరి.

కత్తెరకి_దూరం:
రాబిన్ పిట్టలు తినగా మిగిలిందే మా లెక్క :) వల కట్టడం కుదరలేదు.

ఎడిసన్_అన్నయ్య:
అమ్మో, ఇది చదివి నేను కత్తెర తీయబోయాను. మా న్యూజెర్సీలో ఇళ్ల ముందు ఉండేది ఎక్కువగా ఆరడుగుల రకం. దాన్ని మొదలంటా కోస్తే కొన్నేళ్లు కాపు మర్చిపోవాలి. ఏటా బాగా ముదిరిన కొమ్మలు ఒకటో రెండో మొదటికి తీస్తే చాలు. ఏ రకమో తేల్చుకోకుండా ఇక్కడి సలహా ఎవరూ పాటించకండి.

ఆ పొడుగు రకం కూడా అడవిదే కదా. ఇక్కడికి గంట దూరంలో వైట్స్‌బాగ్ అనే ఊరుంది. అక్కడ ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, ఫ్రెడరిక్ కొవిల్ అనే వృక్షశాస్త్రవేత్త కలిసి దాన్ని తోట పంట చేశారు. 5/8 అంగుళాల రంధ్రం ఉన్న కొలత బిళ్ల ఊళ్లో వాళ్లకిచ్చి, అంత కాయ కాసే పొద అడవిలో చూపిస్తే డబ్బిచ్చేది. 1916లో మొదటి పంట అమ్మారు. ఈ మొక్కకు ఆమ్ల నేల కావాలని 1910లో లోకానికి చెప్పింది కొవిలే. అంతకుముందు మంచి తోటమట్టిలో, ఎరువేసి పెంచి చంపేసేవాళ్లు.

డాలస్_నల్లరేగడి:
ఎడిసన్ అన్నయ్య ఆ చివరి మాట గట్టిగా చెప్పాల్సింది. కోయాలా వద్దా అని కొట్టుకుంటున్నారు కానీ, మూడు గిన్నెలు ఒక్క ఏడాదిలో ఒక గిన్నె ఎందుకైందని ఎవరైనా అడిగారా? పాత కొమ్మల వల్ల కాపు మెల్లగా తగ్గుతుంది, ఇలా పడిపోదు. ఆకులు ఎలా ఉన్నాయి చెల్లీ? నేలకు ఏమైనా వేశారా?

నాషువా_పెరడు:
ఇప్పుడు అక్టోబర్ కదా అన్నయ్యా, అన్నీ కుంకుమలా ఎర్రబడ్డాయి. కానీ జూలైలో కొస ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్న మాట నిజమే. ఫొటో కూడా తీశాను. వేసింది... అమ్మ వచ్చాక ఫైర్‌ప్లేస్ బూడిద, కోడిగుడ్డు పెంకుల పొడి. ఊళ్లో కరివేపాకుకి అదే వేస్తుంది.

డాలస్_నల్లరేగడి:
దొరికింది దొంగ! బూడిదా, గుడ్డు పెంకూ సున్నం లాంటివి. ఈ మొక్కకు నేల పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.5 నుంచి 5.5 లోపు ఉండాలి. అది పెరిగితే నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు, ఆకు అలా పాలిపోతుంది. మా డాలస్‌లో మట్టీ సున్నమే, కుళాయి నీళ్లూ అంతే. నేను రెండుసార్లు నేలలో పెట్టి రెండుసార్లూ పోగొట్టుకున్నాను. ఇప్పుడు పైన్ బెరడు, పీట్ మాస్ కలిపిన కుండీలో పొట్టి రకం కాదు, అమెరికా దక్షిణాది రకం బ్లూబెర్రీ పెట్టి, వాన నీళ్లు పట్టి పోస్తున్నాను. కుండీ మొక్కను నేలమట్టానికి కోయమని ఎవరైనా చెబితే నమ్మకండి, పాకడానికి దానికి చోటే లేదు.

మణికొండ_మేడతోట:
బ్లూబెర్రీ అంటే మన అల్లనేరేడు కాదా? నర్సరీవాడు అదే పేరు చెప్పి అమ్మాడు. మేడ మీద ఈ అడవి రకం వస్తుందా?

బాంగోర్_బాబాయ్:
కాదు తమ్ముడూ, నేరేడు వేరే కుటుంబం, మహావృక్షం. ఈ అడవి రకానికి ఏడు డిగ్రీల లోపు చలి వెయ్యి గంటల పైనే కావాలి. హైదరాబాద్‌లో ఆ చలి ఎన్ని రాత్రులు? మణికొండలో వాక్కాయ పెట్టుకో, పప్పులోకైనా పనికొస్తుంది.

బూడిద సంగతి నేను అడగకపోవడం తప్పే, ఒప్పుకుంటున్నా. చెల్లెమ్మా, మట్టి పరీక్ష చేయించు. పీహెచ్ పెరిగి ఉంటే గంధకం పొడి వాడాలి. ఇసుక నేలకు కొంచెం చాలు, బంకమట్టికైతే మూడింతలు పడుతుంది. నేలలోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చడానికి నెలలు పడుతుంది, చలికి ఆ పని ఆగుతుంది. వెనిగర్, వాడేసిన కాఫీ పొడి లాంటి చిట్కాలతో టైమ్ వేస్ట్. కోత మాత్రం తప్పదు, ఈ నవంబర్ కాకపోతే వచ్చే నవంబర్. మీ అమ్మగారిది అనకాపల్లి అన్నావు, చెరకు కొట్టాక మోళ్ల నుంచి కార్సి లేచేది ఆవిడకు నేను చెప్పాలా?

నాషువా_పెరడు:
ఇది చదివి వినిపించాను. "కార్సి రెండు మూడేళ్లకే పలచబడుతుంది, మళ్లీ ముచ్చెలు నాటాల్సిందే. మీ బాబాయ్ చెరకు ఎప్పుడైనా కొట్టాడా?" అంది.

బాంగోర్_బాబాయ్:
కొట్టలేదు. చెరకు రసం తాగానంతే. కానీ ఇది మోడు నుంచి లేచేది కాదు, ఏటా పక్కకు పాకే కాండం. మెయిన్‌లో కోసిన చోట పలచబడితే ఈపాటికి పొలాలే ఉండేవి కావు.

కత్తెరకి_దూరం:
అమ్మగారికి నా ఓటు. నేల బాగుపడే దాకా కత్తెర మాటే వద్దు. ఆకలితో ఉన్న మొక్కను కోస్తే ఏ బలంతో లేస్తుంది?

నాషువా_పెరడు:
పరీక్ష వచ్చింది: 6.2. బూడిద బకెట్ గరాజ్‌లోకి వెళ్లింది. గంధకం పొడి తెచ్చాను, ఏప్రిల్‌లో నేల వెచ్చబడ్డాక వేస్తాను. అందాకా పైన్ ఆకులు మందంగా కప్పాం. కోత విషయంలో మడి మధ్యన పురికొస కట్టి, ఎడమ సగం కోద్దాం, కుడి సగం వదిలేద్దాం అనుకున్నాం. నిన్న ఎడమ వైపు కోయడానికి కూర్చుంటే అమ్మ వచ్చి పురికొసను ఒక మూర అటు జరిపింది. ఇప్పుడు సగం కాదు, పావు వంతే.

బాంగోర్_బాబాయ్:
వచ్చే ఏడు ఇంకో పావు జరుపు.

నాషువా_పెరడు:
అమ్మ రిటర్న్ టికెట్ డిసెంబర్ 9కి. ఆకు రాలాక ఎప్పుడు కోసినా పర్లేదు కదా బాబాయ్?