‘పితాశ్రీ’ని తెలుగులో ఉంచాలా, మార్చాలా?

డబ్బింగ్ ధారావాహికలకు మాటలు రాసే మిత్రులొకరు మన సమూహంలో ఒక ప్రశ్న వేశారు. హిందీ పౌరాణికాల్లో అడుగడుగునా వినిపించే ‘పితాశ్రీ’, ‘మాతాశ్రీ’, ‘భ్రాతాశ్రీ’ అన్న పిలుపులను తెలుగులోనూ అలాగే ఉంచవచ్చునా, లేక ‘తండ్రీ’, ‘అమ్మా’, ‘అన్నయ్యా’ అని మార్చాలా అన్నది వారి సందేహం. కృష్ణానగర్‌లోని స్టూడియోలో ఈ పిలుపుల దగ్గరే తరచూ పని ఆగిపోతోందని కూడా వారు రాశారు. ప్రశ్న చిన్నదే అయినా, ఒక టీవీ రచయిత మాట జనంలోకి ఎలా వెళ్తుందో చూపించే ప్రశ్న కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ పిలుపులకు దేశమంతటా ప్రచారం తెచ్చినవారు డాక్టర్ రాహీ మాసూమ్ రజా. 1927లో ఘాజీపూర్ జిల్లా గంగౌలీలో పుట్టి, అలీగఢ్‌లో ఉర్దూ బోధించి, 1966లో ‘ఆధా గావ్’ నవలతో హిందీ సాహిత్యంలో నిలిచిన పేరు తెచ్చుకుని, ఆ తర్వాత బొంబాయి చేరి సినిమాలకు మాటలు రాసిన ఆయనకు, అసలైన జనాదరణ 1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్‌లో ముగిసిన బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’తోనే వచ్చింది. ఒక ముస్లిం చేత భారతం రాయించడమేమిటని నిర్మాతకు ఉత్తరాలు వచ్చాయనీ, తీరిక లేదని మొదట కాదన్న రజా ఆ ఉత్తరాలు చూశాకే పట్టుబట్టి రాయడానికి ఒప్పుకున్నారనీ చెబుతారు. ప్రైవేటు తెలుగు చానళ్లు 1995లో గాని రాలేదు కనుక, ఆ ఆదివారాల్లో హైదరాబాద్ ఇళ్లలో కూడా ఈ హిందీ భారతమే నడిచింది. రచయిత పేరు ఎంతమందికి గుర్తుందో గాని, ‘పితాశ్రీ’ మాత్రం ఇంట్లో పిల్లలు నాన్నను డబ్బులు అడిగేటప్పుడు సరదాగా వాడే మాటగా స్థిరపడిపోయింది.

ఉర్దూలోని ‘అబ్బాజాన్’, ‘అమ్మీజాన్’, ‘భాయీజాన్’ అన్న అచ్చులోనే రజా ఈ పిలుపులను పోతపోశారని ఎక్కువమంది అంటారు. పాతబస్తీ పలుకుబడి చెవిన పడే మనకు ఈ పోలిక వివరించనక్కరలేదు. ‘జాన్’ ఉన్న చోట ‘శ్రీ’ని పెడితే ఆప్యాయతకు బదులు రాజసభకు తగిన గౌరవం వస్తుంది, లయ మాత్రం చెక్కుచెదరదు. ఒకే కుటుంబంలోని నలభై పాత్రలు రెండేళ్లపాటు ఒకరినొకరు పిలుచుకునే కథలో, చూసేవారికి ఎవరు ఎవరికి ఏమవుతారో ప్రతి సంభాషణలోనూ గుర్తు చేయడానికి ఇంతకన్న తేలికైన ఉపాయం నాకు తోచదు.

ఇక వ్యాకరణం సంగతి. సంస్కృత సమాసంలో పూర్వపదంగా ‘పితృ’, ‘మాతృ’ అన్న ప్రాతిపదికలే నిలుస్తాయి: పితృవాక్యం, మాతృభాష. ఆ లెక్కన ‘పితృశ్రీ’, ‘మాతృశ్రీ’ అని ఉండాలి. తెలుగువారు ‘మాతృశ్రీ’ని శుద్ధంగానే వాడుతున్నారు, తిరుమలలోని అన్నప్రసాద భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు ఉంది, మన సైదాబాద్‌లోనే మాతృశ్రీ పేరుతో ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అయితే అక్కడది పేరుకు ముందు పెట్టే గౌరవపదమే గాని పిలుపు కాదు. పాత ఉత్తరాల్లోని ‘మహారాజశ్రీ ఫలానా వారికి’ కూడా అటువంటిదే. పిలుపులో గౌరవానికి మనకు ‘గారు’ ఉంది. పద్యనాటకంలో కృష్ణుడంతటివాడు దుర్యోధనుణ్ణి ‘బావా, ఎప్పుడు వచ్చితీవు’ అనే పలకరించాడు, ఏ శ్రీకారమూ తగిలించలేదు. అందుచేత గంభీరమైన ఘట్టాల్లో ‘పితాశ్రీ’ తెలుగు చెవికి అనువాదపు వాసన వేస్తుందన్నది నా అభిప్రాయం.

మరి మార్చేద్దామంటే పెదవులు అడ్డొస్తాయి. ‘పితాశ్రీ’లో మొదటి అక్షరమే ఓష్ఠ్యం; ముఖం దగ్గరగా చూపినప్పుడు నటుడి పెదవులు కలిసి విడిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. ‘తండ్రీ’, ‘నాన్నగారూ’, ‘జనకా’ అన్న మూడింటిలోనూ పెదవులు కలిసే అక్షరం ఒక్కటీ లేదు. ‘అబ్బా’ అంటే కుదురుతుంది, కాని తండ్రిని చెప్పే ఆ పాత తెలుగు మాటను మనం తిట్లకు అప్పగించేశాం. ‘మాతాశ్రీ’కి ‘అమ్మా’, ‘మామాశ్రీ’కి ‘మామా’ చక్కగా సరిపోతాయి. చిక్కంతా తండ్రి దగ్గరే ఉంది.

ఒక సభ్యుని స్పందన: మీ వ్యాకరణ తీర్పు తొందరపాటుగా తోస్తోంది. ‘మాతాపితరులు’ అంటాం కదా, ‘పితామహుడు’ అంటాం కదా. అక్కడ ‘మాతా’, ‘పితా’ చెల్లినప్పుడు ఇక్కడ ఎందుకు చెల్లవు? పైగా రజా ఈ మాటలను సృష్టించారనడం కూడా అతిశయోక్తే. మరాఠీలో తల్లిని గౌరవంగా ‘మాతోశ్రీ’ అనడం అంతకు ముందు నుంచీ ఉంది.

జవాబు: ‘మాతోశ్రీ’ గురించి మీరన్నది ఒప్పుకోవలసిందే, అందుకే నేనూ ప్రచారం తెచ్చినవారనే అన్నాను. బొంబాయిలో ఏళ్ల తరబడి ఉన్న రచయితకు మరాఠీ మాట చెవిన పడకుండా ఉండదు కనుక, ఉర్దూ అచ్చూ మరాఠీ వాడుకా రెండూ కలిసి పనిచేసి ఉండవచ్చు. వ్యాకరణం మాత్రం వేరు. ‘మాతాపితరులు’ ద్వంద్వ సమాసం. అక్కడ ఆకారం రావడానికి ‘ఆనఙ్ ఋతో ద్వంద్వే’ అని పాణిని ప్రత్యేకంగా సూత్రం చేశాడు. ‘పితామహ’ సమాసమే కాదు, ప్రత్యయంతో ఏర్పడిన పదం. ‘పితాశ్రీ’కి ఈ రెండు దారులూ లేవు.

అడిగిన మిత్రునికి నా సూచన ఇది. పాత్ర వెనుదిరిగి ఉన్నప్పుడు, దూరపు షాట్లలో నిశ్చింతగా ‘తండ్రీ’ అని రాయండి. ముఖం దగ్గరగా ఉన్నప్పుడు ‘పితృదేవా’ వేసి చూడండి. పెదవులు కలుస్తాయి, సమాసమూ నిలుస్తుంది, ఒక మాత్ర ఎక్కువైనా డబ్బింగ్ కళాకారుడు సర్దుకోగలడు. భీష్ముణ్ణి మనుమలు పిలిచే చోట ‘పితామహా’ ఉండనే ఉంది. ‘తాత్‌శ్రీ’ని మాత్రం పొరపాటున కూడా ‘తాతశ్రీ’ అని దించకండి: సంస్కృతంలో ‘తాత’ అంటే తండ్రి, తండ్రి వంటి పెద్ద, ధృతరాష్ట్రుడు ఆ మాటతో భీష్ముణ్ణి పిలిస్తే, మన ప్రేక్షకులు పెదతండ్రిని తాతగా లెక్కగట్టుకుంటారు.