కాగితపు హంస చేసిన ఆ చైనా కళాకారుడి పేరు ఎవరికైనా తెలుసా?

పద్మజ, విజయనగరం
మా పాప ఆరో తరగతి. బళ్లో ఎగ్జిబిషన్‌కి కాగితం ముక్కలతో హంస చెయ్యమన్నారు. చిన్న చిన్న ముక్కోణపు మడతలు ఒకదాంట్లో ఒకటి గుచ్చుకుంటూ పోయే హంస, మీరూ చూసే ఉంటారు. అంతటితో అయిపోలేదు. పక్కన చార్టు మీద "ఈ కళను ప్రపంచానికి చూపిన కళాకారుని జీవితం" అని పది లైన్లు రాయాలట. ఎవరండీ అనడిగితే "చైనా ఆయనెవరో ఉన్నారమ్మా, నెట్‌లో చూడు" అన్నారు. చూస్తే ఒక్కోచోట ఒక్కో మాట. పేరు తెలిస్తే చెప్పి పుణ్యం కట్టుకోండి.
ఇంకోటి. మొదటి వరస నిలబడి చావట్లేదు. నిన్న రాత్రి మూడుసార్లు కూలింది. మా ఆయన నవ్వుతున్నారు.

మడతపిచ్చి
ఒరిగామి, అదే ఈ కాగితం మడతల కళ, జపాన్‌ది కదండీ, చైనా ఏంటి? అకిరా యోషిజావా అని రాసెయ్యండి. మార్కులు పడిపోతాయి.

హారిస్‌బర్గ్ శ్రీను
యోషిజావా మహానుభావుడే, కాదనను. కానీ ఈ హంసకీ ఆయనకీ సంబంధం లేదు. ఆయన ఒక్క కాగితం తీసుకుని, కాస్త తడి చేసి, బొమ్మకి ప్రాణం పోసే మనిషి. ఇది వందల ముక్కల పని.

పద్మజ గారూ, ఈ ముక్కల మడతకి ఇంగ్లీషు వాళ్లు పెట్టుకున్న పేరు "గోల్డెన్ వెంచర్". అది మనిషి పేరు కాదు, ఓడ పేరు. 1993 జూన్ 6, అర్ధరాత్రి దాటాక రెండింటి ప్రాంతంలో, న్యూయార్క్ క్వీన్స్‌లోని రాకవే బీచ్ దగ్గర ఇసుకలో కూరుకుపోయింది. అందులో 286 మంది. ఎక్కువమంది చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం వాళ్లు. తలకి 30 వేల డాలర్ల లెక్కన స్మగ్లర్లతో బేరం కుదుర్చుకుని, కొంత కట్టి, మిగతాది అమెరికాలో సంపాదించి తీరుస్తామని ఎక్కినవాళ్లు. నెలల తరబడి ఓడ అడుగు అరలో ఉన్నారు. ఆ రాత్రి చల్లటి నీళ్లలోకి దూకి ఈదబోయి పదిమంది చనిపోయారు.

మిగిలినవాళ్లని పట్టుకుని రకరకాల జైళ్లకి పంపారు. వంద మందికి పైగా మగవాళ్లని తెచ్చి పెట్టింది నేనుండే ఊరికి అరగంట దూరంలో, పెన్సిల్వేనియా యార్క్ కౌంటీ జైల్లో. ఆ హంసలూ గద్దలూ ప్రపంచానికి తెలిసింది అక్కణ్నుంచే. తొమ్మిదేళ్లుగా ఆ రోడ్డు మీద వెళ్తున్నాను. ఈ సంగతి తెలిసింది మాత్రం రెండేళ్ల కిందటే.

కరీంనగర్ రాజు
జైల్ల చేసిన్రా ఇవి? నేను టెన్త్‌ల ఉన్నప్పుడు గిట్లనే నెమలి చేసిన అన్నా. వెయ్యి ముక్కలు పట్టినయ్. ఇది యూట్యూబోళ్లు పుట్టిచ్చిన్రనుకున్న ఇన్ని రోజులు. జైల్ల కాగితం ఎవలిచ్చిన్రు వాళ్లకు?

హారిస్‌బర్గ్ శ్రీను
దొరికిందల్లా రాజూ. పాత పత్రికల పేజీలు, లాయర్లు వాడే పసుప్పచ్చ లీగల్ ప్యాడ్లు, చివరికి టాయిలెట్ పేపరు కూడా. టాయిలెట్ పేపర్ని జిగురుతో తడిపి ముద్ద చేసి గట్టి భాగాలకి వాడేవాళ్లు. మన కాగితం గుజ్జు బొమ్మల్లాగే. మిగతాదంతా మడత.

మొదట్లో కొద్దిమందికే వచ్చు. ఖాళీగా కూర్చున్న పక్కవాళ్లకి నేర్పారు. తర్వాత పని పంచుకున్నారు. కొందరు పొద్దస్తమానం ముక్కలు మడవడం, కొందరు గుచ్చి బొమ్మ నిలబెట్టడం. ఊరికే వాదిస్తున్న లాయర్లకి కృతజ్ఞతగా ఇవ్వడానికి మొదలైన పని అది. ఫీజివ్వడానికి వాళ్ల దగ్గరేముంది? యార్క్‌లో మామూలు జనం, చర్చీలకి వెళ్లేవాళ్లు, లాయర్లు కలిసి "పీపుల్ ఆఫ్ ద గోల్డెన్ విజన్" అని ఒక గుంపు కట్టారు. జైలు బయట కూడి ప్రార్థనలు చేసేవారు, లోపలివాళ్లు చేసిన బొమ్మలు అమ్మి కోర్టు ఖర్చులకి డబ్బు పోగేసేవారు. మొత్తం పదివేలకి పైగా బొమ్మలు చేశారని లెక్క.

2017 చివర్లో మా అన్నయ్యావాళ్లని చూడ్డానికి న్యూజెర్సీలో ఎడిసన్ వెళ్లినప్పుడు, న్యూయార్క్ చైనాటౌన్‌లోని "మ్యూజియం ఆఫ్ చైనీస్ ఇన్ అమెరికా"లో ఈ బొమ్మల ప్రదర్శన నడుస్తోంది. పోస్టరు చూసి కూడా లోపలికి వెళ్లలేదు. పిల్లలు ఐస్‌క్రీమ్ అంటున్నారు, పార్కింగ్ మీటరు తిరుగుతోంది. ఇప్పుడు తల్చుకుంటే చిరాకేస్తుంది.

సుబ్బారావు, తెనాలి
నేను ముప్ఫై ఏళ్లు బైండింగ్ పని చేశాను. చరిత్ర నాకు తెలియదు. కాగితం సంగతి చెబుతాను, పద్మజమ్మా.

ఏ4 కాగితాన్ని సగానికి సగం ఐదుసార్లు కొయ్యి. 32 ముక్కలొస్తాయి. మా మనవడి హంసకి 430 పట్టాయి, అంటే 14 కాగితాలు. జెరాక్స్ కాగితం సరిపోతుంది. న్యూస్ పేపరు వద్దు, అది మెత్తన, మడత నిలవదు. వారపత్రికల నిగనిగలాడే పేజీ మంచిది, మడత కత్తిలా నిలబడుతుంది. ఆ జైల్లో వాళ్లు పత్రికల పేజీలు వాడారంటే వేరేది దొరక్క వాడి ఉంటారు, కానీ పనికొచ్చేదే దొరికింది.

ఇక మడత. ముక్కని పొడుగు అంచులు కలిసేలా సగానికి మడువు. మడత వైపు పైకి ఉంచి, అడ్డంగా మధ్యలో గోటితో గీత పెట్టి విప్పు. ముక్క రెండు కొసల్నీ ఆ గీత వెంబడి కిందికి మడిచి దించు. పెంకుటింటి కప్పులా వస్తుంది, కింద రెండు తోకలు వేలాడతాయి. తిరగేసి, తోకల బయటి మూలలు లోపలికి మడిచి, తోకలు పైకెత్తు. ఇప్పుడు మధ్యకి సగం చెయ్యి. రెండు చెవులు, రెండు జేబులు ఉన్న ముక్కోణం నీ చేతిలో ఉంటుంది. ఒక ముక్క చెవి ఇంకో ముక్క జేబులోకి. విద్యంతా ఇంతే.

మొదటి వరస ఎందుకు కూలుతోందంటే, దాన్ని ఒంటరిగా నిలబెడుతున్నావు. అది నిలవదు. కింద రెండు ముక్కలు పక్కపక్కన పట్టుకుని, వాటి దగ్గరి చెవులు రెండూ పైముక్క జేబులు రెండింట్లోకి దూర్చు. అలా రెండు వరసలు, వీలైతే మూడు, ఒకేసారి అల్లుకుంటూ వెళ్లు. వరసకి 30 ముక్కలయ్యాక గుండ్రంగా కలుపు. అప్పుడు రెండు చేతులా పట్టుకుని, టోపీ లోపలి భాగం బయటికి తీసినట్టు మెల్లిగా తిప్పు. గిన్నె అవుతుంది. తిప్పేటప్పుడు రెండు మూడు ఊడతాయి, కంగారు పడకు.

పద్మజ, విజయనగరం
బాబాయ్ గారూ, నిలబడింది!! రెండు వరసలు కలిపి అల్లాను. నేను పడుకునేసరికి ఒంటిగంట. మా ఆయన ఇప్పుడు కూర్చుని ముక్కలు మడుస్తున్నారు, నవ్వడం లేదు.

కానీ నా చార్టు సంగతి? వంద మందిలో ఎవరి పేరు రాయను?

ఇందు, హైదరాబాద్
ఫైన్ ఆర్ట్స్ చదివాను. ఒక్క పేరే కావాలంటే లీ హాంగ్‌బో ఉన్నారు. ఇప్పటి కళాకారుడే, 1974లో జీలిన్ రాష్ట్రంలో పుట్టారు. పుస్తకాల ఎడిటర్‌గా పనిచేసినవారు. చైనాలో పండగలకి తెరిచి వేలాడదీసే కాగితపు సొరకాయల బొమ్మలుంటాయి, తేనెతుట్టెలాగా అరలు అరలుగా విచ్చుకునేవి. మన పుట్టినరోజు పార్టీల్లో కట్టే కాగితం బంతి కూడా ఆ జాతిదే. ఆ కిటుకు పట్టుకుని వేల కాగితాలు ఒకదానిమీద ఒకటి అక్కడక్కడా జిగురు పెట్టి అంటించి, ఆ దిమ్మని రంపంతో కోసి, ఉప్పు కాగితంతో నునుపు చేస్తారు. చూడ్డానికి మా కాలేజీలో డ్రాయింగ్‌కి పెట్టే తెల్లటి ప్లాస్టర్ తలకాయే. చేత్తో లాగితే మెడ హార్మోనియం తిత్తిలా సాగుతుంది! 2014లో న్యూయార్క్‌లో ప్రదర్శన పెట్టారు. వీడియో చూసి మా క్లాసులో ఒకమ్మాయి కెవ్వుమంది.

అయితే నిజం చెప్పాలంటే ఆయనది మడత కాదు, అంటింపు. హంస పక్కన ఆయన పేరు రాస్తే అది అబద్ధమే.

మడతపిచ్చి
సరే ఓడిపోయాను. కానీ ఒక ప్రశ్న. ఈ ముక్కల మడతని ఆ జైలు వాళ్లే కనిపెట్టారా?

హారిస్‌బర్గ్ శ్రీను
లేదు, విద్య వాళ్లు పుట్టకముందుదే. చైనాలో కాగితం మడతని జెజీ అంటారు. పెద్దల పేరున తగలబెట్టడానికి బంగారు, వెండి రంగు కాగితాల్ని మడిచి బంగారు కడ్డీల ఆకారం చెయ్యడం అక్కడ ఇంటింటి పని. చేతులకి ఆ అలవాటుంది. జైలు చేసిందల్లా టైమివ్వడం. మూడేళ్ల ఎనిమిది నెలలు.

పైనాపిల్ పళ్లు, ఓడలు చేశారు. అమెరికా వాళ్లకి నచ్చుతుందని గద్దలు. రెక్కలు విప్పిన గద్దలకి "స్వేచ్ఛా పక్షులు" అని పేరు. పంజరంలో ఉన్న పక్షుల్ని కూడా చేశారు.

వి.కె.ఎస్.
అందరూ జాలిపడుతున్నారు గానీ, వీసా లేకుండా దొంగదారిన వచ్చినవాళ్లే కదా? పిల్లల చార్టు మీద ఈ కథ అవసరమా?

హారిస్‌బర్గ్ శ్రీను
దొంగదారే, ఎవరూ దాచట్లేదు. వాళ్లని రవాణా చేసినవాళ్లకి శిక్షలూ పడ్డాయి. డబ్బు పెట్టి నడిపినవాళ్లలో సిస్టర్ పింగ్ అనే చైనాటౌన్ వ్యాపారి ఒకావిడ. 2006లో 35 ఏళ్ల శిక్ష వేశారు, 2014లో జైల్లోనే పోయింది. వచ్చినవాళ్లలో చాలామంది మాత్రం ఆశ్రయం అడిగారు. చైనాలో అప్పుడున్న ఒకే సంతానం చట్టం కింద బలవంతపు ఆపరేషన్లు చేస్తారని భయం. కొందరికి ఆశ్రయం దొరికింది. చాలామందిని వెనక్కి పంపేశారు. అలా పంపినవాళ్లలో కొందరు మళ్లీ అప్పు చేసి, మళ్లీ వచ్చారు!

యార్క్‌తో సహా జైళ్లలో చివరిదాకా మిగిలిన 50 మందికి పైగా మనుషుల్ని 1997 ఫిబ్రవరిలో అప్పటి అధ్యక్షుడు క్లింటన్ వదిలేశారు. అదీ పెరోల్ మీద. ఇక్కడున్న మన హెచ్1బీ వాళ్లకి అడ్వాన్స్ పెరోల్ కాగితం విలువేంటో తెలుసు. లోపలికి రానిస్తారు, నువ్విక్కడివాడివని మాత్రం అనరు. ఆ కాగితం మీదే ఏళ్లకేళ్లు రెస్టారెంట్లలో పనిచేస్తూ, ఊళ్లో పెళ్లాం పిల్లల్ని చూడకుండా గడిపినవాళ్లున్నారు. కొందరికి మాత్రం ఆ బొమ్మలే అక్కరకొచ్చాయి. కళలో అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లంటూ వీసా ఇచ్చారు.

కరీంనగర్ రాజు
జైల్ల పెట్టిందీ వాళ్లే, కళాకారులన్నదీ వాళ్లే. మంచిగున్నది.
మా ఊర్ల దుబాయ్ పోయొచ్చినోళ్ల ముచ్చట్లు గిట్లనే ఉంటయ్. ఏజెంటుకు అప్పు చేసి కట్టుడు, ఆడ పట్టుబడుడు, మల్ల పోవుడు. మా చిన్నాయిన ఔట్‌పాస్ మీద వాపసొచ్చిండు. బొమ్మలేం చెయ్యలే, పేకలాట నేర్చుకొని వచ్చిండు.

వి.కె.ఎస్.
ఆపరేషన్ల సంగతి నాకు తెలియదు. సరే.

పద్మజ, విజయనగరం
పాప రాసుకుంది. చూసి తప్పులుంటే చెప్పండి:
"ఈ హంసను చేసే విద్య పాతది. దీనిని ప్రపంచానికి చూపినవారు ఒక్కరు కాదు. 1993లో గోల్డెన్ వెంచర్ ఓడలో వచ్చిన 286 మంది యార్క్ జైలులో పాత పత్రికలతో పదివేల బొమ్మలు చేశారు. ఒకరు మడిచేవారు, ఒకరు గుచ్చేవారు. అందుకే కింద ఎవరి పేరూ రాయలేదు."

హారిస్‌బర్గ్ శ్రీను
బంగారు తల్లి. ఒక్క సవరణ. 286 ఓడ మొత్తం లెక్క, అందరూ యార్క్‌లో లేరు. ఆడవాళ్లని వేరేచోట ఉంచారు. "ఓడలో వచ్చినవారిలో వంద మందికి పైగా యార్క్ జైలులో" అని మార్చమనండి. వీలుంటే ఇంకో లైను కూడా. ఆ ఓడని 2000లో ఫ్లోరిడాలో బోకా రటాన్ దగ్గర సముద్రంలో కావాలనే ముంచేశారు, చేపలు చేరడానికి.

పద్మజ, విజయనగరం
మార్చింది. చేపల లైను పాపకి తెగ నచ్చింది, కింద నీలం స్కెచ్‌తో చేప కూడా వేసింది.
హంస పూర్తయింది గానీ రెండు రోజుల ముసురుకి మెడ వాలిపోయింది. బాబాయ్ గారూ, జిగురు పెట్టెయ్యనా? మా అత్తగారు మైదా ఉడికించి సిద్ధంగా ఉంచారు.

సుబ్బారావు, తెనాలి
మైదా వద్దమ్మా. బొద్దింకలు ఒక్క రాత్రిలో మెడ కొరికేస్తాయి. మేము బైండింగ్ జిగురులో మైలుతుత్తం కలిపేది అందుకే, కానీ అది విషం, పిల్లలు ముట్టుకునే వస్తువుకి పనికిరాదు. ఫెవికాల్ చాలు, అదీ మెడకి మాత్రమే. అగ్గిపుల్ల కొసతో ఒక్కో జేబులో చుక్క. ఒళ్లంతా పూశావంటే రేపు ఒక ముక్క నలిగితే తీసి మార్చలేవు. మెడ వంపు సరిచేసి, ఆరేదాకా వెనకాల ఒక గ్లాసు ఆనించి ఉంచు.

పద్మజ, విజయనగరం
గ్లాసు పెట్టాను. రేపు పొద్దున స్కూటీ మీద తీసుకెళ్లాలి, అదే భయం.

కరీంనగర్ రాజు
అక్కా, నేను నెమలిని స్టీలు గంపల పెట్టి, సుట్టూ పాత చీర కుక్కి, బస్సుల తీస్కపోయిన. తోక ఒక్కటే ఊడింది. ఓ ఇరవై ముక్కలు ఎక్కువ మడిచి సంచిల ఏస్కపో.