సమస్యాపూరణం: గెలిచినందుకె గురువును గెంటి రపుడు

సంచాలకులు:
ఈ వారం (2025 జూన్) సమస్య తేటగీతి పాదం.

*గెలిచినందుకె గురువును గెంటి రపుడు*

సందర్భం అందరికీ తెలిసిందే. 2025 మే 21న స్పెయిన్‌లోని బిల్బావోలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ టోటెన్‌హామ్ 1-0తో మాంచెస్టర్ యునైటెడ్‌ను ఓడించి యూరోపా లీగ్ గెలిచింది. 2008 లీగ్ కప్ తర్వాత ఆ క్లబ్‌కు ఇదే మొదటి కప్పు. యూరప్ స్థాయిలో అయితే 1984 తర్వాత ఇదే. పదహారు రోజులకే, జూన్ 6న, కోచ్ పోస్టెకోగ్లూను పంపించేశారు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగులో ఆ జట్టుది 17వ స్థానం: 38 మ్యాచుల్లో 11 గెలుపులు, 5 డ్రాలు, 22 ఓటములు, 38 పాయింట్లు.

తేటగీతి పాదానికి వరసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. గణాలు చూసుకోండి: గెలిచి (న), నందుకె (భ), గురువును (నల), గెంటి (హ), రపుడు (న). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, గె–గెం. ప్రాస నియమం లేదు. చిక్కంతా ‘గెలిచినందుకె’ దగ్గరే ఉంది. గెలిచినందుకు ఎవరూ ఎవరినీ గెంటరు. ఆ అసంబద్ధత విడిపోతేనే పూరణ. పద్యంతో పాటు ఆట గురించి వాదించుకోవచ్చు, కానీ వాదన పద్యం మీదుగా సాగాలి.

కుడివింగు:

*వీథులందున జనులేల వేడ్కఁ జేసి*
*రోటములు లీగులో మించ నొడయు లేమి*
*చేసి రయ్యెడ? క్రమముగాఁ జెప్పుమయ్య*
*గెలిచినందుకె, గురువును గెంటి రపుడు*

గణయతి:
క్రమాలంకారం చక్కగా కుదిరింది. రెండు ప్రశ్నలు, రెండు జవాబులు, సమస్యా పాదం సరిగ్గా మూడో గణం ముందు విరిగింది. ‘చేసి రోటములు’ అని పాదాన్ని విరిచినచోట యతి చూసుకోవాలి. అక్కడ ‘రో’లోని ఓకారం ‘ఓటములు’ మాటది, ‘నొ’లోని ఒకారం ‘ఒడయులు’ మాటది, కాబట్టి స్వరయతి (అచ్చుల పొత్తు) చెల్లింది. కొత్తగా రాసేవాళ్లు హల్లును చూసి ర–న అని భయపడతారు, భయపడనక్కర్లేదు.

విషయం కూడా నిజం. జనం వీధుల్లోకి వచ్చిందీ అందుకే, యజమానులు పంపించిందీ లీగు పట్టిక చూసే. రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

గౌతమీతీరం:

*ఇరువదియు రెండు పోరుల నెదురు దెబ్బ*
*తగిలె; నందుకే పంపిరి తప్పదనుచు;*
*నిజము దాఁచి నిందలు వేయ నీకుఁ దగునె?*
*గెలిచినందుకె గురువును గెంటి రపుడు*

గణయతి:
గణాలు, యతులు అన్నీ సరే. అన్వయం ఒక్కటే తెగింది. నాలుగో పాదం ఎదుటివాడి మాట అని మీ మనసులో ఉంది, పద్యంలో లేదు. ‘అని’, ‘అనుచు’, ‘ఇట్లు’ ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే మొదటి రెండు పాదాల్లో చెప్పినదాన్ని మీరే చివర కాదన్నట్టు అవుతుంది. మూడో పాదం ఇలా మార్చండి:

*నిజము దాఁచి యనుట యేల నీకు నిట్లు*

నిజము (న), దాఁచి య (భ), నుట యేల (సల), నీకు (హ), నిట్లు (హ). యతి ని–నీ. ఇప్పుడు ‘ఇట్లు’ నాలుగో పాదాన్ని అందుకుంటుంది.

గౌతమీతీరం:
మార్చానండీ, ధన్యవాదాలు. 22 అన్న సంఖ్యను పద్యంలో పెట్టడానికి కారణం ఉంది. 38 మ్యాచుల ప్రీమియర్ లీగ్ సీజన్లలో ఇన్ని ఓడి కూడా కింది లీగులోకి దిగిపోని జట్టు ఇంతకు ముందు లేదు. 18వ స్థానంలో ఉన్న లెస్టర్‌కు 25 పాయింట్లే. ఆ తేడా వల్ల బతికారు.

వైట్‌హార్ట్ వీథి:
ఇంత కఠినంగా మాట్లాడటం న్యాయం కాదు. నా పూరణ:

*పదియునేడవ స్థానానఁ బడిన జట్టు*
*బిల్బావోలోనఁ గప్పును బిగియఁ బట్టె;*
*ఇట్టి మేలును మఱచిరే యింటివారు?*
*గెలిచినందుకె గురువును గెంటి రపుడు?*

రెండో ఏడాది తప్పక గెలుస్తానని 2024 సెప్టెంబరులోనే చెప్పిన మనిషి, చెప్పినట్టే గెలిచాడు. యూరప్ క్లబ్బుల అగ్ర పోటీ చాంపియన్స్ లీగ్‌లో చోటు తెచ్చాడు. గాయాల లెక్క ఎందుకు తీయరు? నవంబరు 23న మాంచెస్టర్ సిటీ మీద 4-0తో గెలిచిన మ్యాచ్‌లోనే గోల్‌కీపర్ వికారియో చీలమండ విరిగింది. డిసెంబరు 8న చెల్సీ మీద డిఫెండర్లు రొమెరో, వాన్ డి వెన్ గాయాల నుంచి తిరిగొచ్చి అదే మ్యాచ్‌లో మళ్లీ పడిపోయారు. 2-0 ఆధిక్యం 3-4 అయింది. తర్వాత ఆర్చీ గ్రే సెంటర్ బ్యాక్‌గా (గోల్ ముందు కాసే మధ్య డిఫెండరుగా) ఆడాడు. పద్దెనిమిదేళ్ల మిడ్‌ఫీల్డరు! జనవరిలో మరో డిఫెండర్ డ్రాగుషిన్ మోకాలి లిగమెంటు తెగింది. ఇంతమంది పోయాక ఏ గురువైనా ఏం చేస్తాడు?

గణయతి:
ముందు పద్యం. రెండో పాదం మొదట్లోనే గణభంగం. తేటగీతి మొదటి గణం సూర్యగణం, అంటే న గాని హ గాని కావాలి. ‘బిల్బా’ రెండూ గురువులు. ‘బిల్బవో’ అని కుదిస్తే హగణం వస్తుంది, కానీ ఊరి పేరును అలా నొక్కేయడం నాకు రుచించదు. పేరు వదిలేసి దేశం పట్టుకోండి:

*స్పెయిను గడ్డపైఁ గప్పును జేతఁ బట్టె*

‘స్పె’లోని సకారానికి ‘జే’తో యతి చెల్లుతుంది. విదేశీ పేర్లు పద్యంలోకి తెచ్చేటప్పుడు ముందు ఆ పేరు ఏ గణంలో ఒదుగుతుందో చూసి, దాన్ని పాదంలో ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోండి. పాదం మొదట్లో ఇరికిస్తే యతి కూడా ఆ పేరే శాసిస్తుంది.

ఇక పూరణ. నాలుగో పాదాన్ని ప్రశ్నగా మార్చడం చెల్లుతుంది, కానీ చిక్కు విడలేదు. గెలిచినందుకా గెంటారు అని అడిగారు సరే, మరి ఎందుకు గెంటారో మీ పద్యంలో లేదు.

బాక్స్‌టుబాక్స్:
ఎందుకో నేను చెబుతాను.

*ఇంట నాడినన్ బయటను నెదుటి జట్లె*
*పదును దేఱిన పరుగులఁ బైకి వచ్చి*
*రెండు పదులపై నింకను రెండు సార్లు*
*గెలిచినందుకె గురువును గెంటి రపుడు*

గెలిచింది ఎదుటి జట్లు! గాయాలు నిజమే. కానీ నవంబరు 10న ఇప్స్‌విచ్ చేతిలో సొంత మైదానంలో 1-2తో ఓడినప్పుడు ఆ గాయాల వరస ఇంకా ముదరలేదు. ఆ సీజన్ లీగులో ఇప్స్‌విచ్‌కు అదే తొలి గెలుపు. జనవరి 26న లెస్టర్ కూడా ఇక్కడికే వచ్చి 2-1తో గెలిచింది. రెండూ కిందికి దిగిపోయిన జట్లే. యూరోపా కోసం లీగును పక్కన పెట్టడం ఏప్రిల్ మాట, ఇవి అంతకు ఎంతో ముందువి.

హాఫ్‌లైను:
కర్తను మార్చి సమస్యను విప్పడం, ఇంతవరకూ వచ్చినవాటిలో ఇదే నాకు నచ్చింది. సమస్యా పాదంలో ఒక్క అక్షరం కదలలేదు, అర్థం మొత్తం తిరిగింది.

రెండో పాదం మాత్రం ఆటను సరిగా చెప్పలేదు. ‘పైకి వచ్చి’ అంటే ఎవరైనా వస్తారు. పోస్టెకోగ్లూ జట్టు దెబ్బతిన్న తీరు ప్రత్యేకం. డిఫెన్స్ గీత సెంటర్ లైన్ దగ్గరకు తెచ్చి నిలబెడతాడు. పక్కల కాసే ఫుల్‌బ్యాక్‌లు టచ్‌లైన్ వదిలి మిడ్‌ఫీల్డ్ లోపలికి వెళ్తారు. బంతి మన దగ్గరున్నంత సేపూ మధ్యలో మనకు ఒకరిద్దరు ఎక్కువ. బంతి పోయిన మరుక్షణం మన గోల్ ముందు నలభై గజాల ఖాళీ, దాన్ని కాయడానికి ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు. వాన్ డి వెన్ వేగం ఉంటే ఆ ఖాళీ పూడుతుంది. అతను లేకపోతే పూడదు. అంతేకాదు, ప్రతిసారీ వెనక్కి పూర్తి వేగంతో పరుగెత్తాల్సి రావడమే తొడ వెనక కండరాలకు శత్రువు. గాయాలు ఆట తీరును చెడగొట్టాయి అంటున్నారు, ఆట తీరు కూడా గాయాలను పెంచిందని నా వాదన. అందుకని:

*వెనుక ఖాళీని పరుగుల వెదకి పట్టి*

వెనుక (న), ఖాళీని (త), పరుగుల (నల), వెదకి (న), పట్టి (హ). యతి వె–వె.

బాక్స్‌టుబాక్స్:
ఈ పాదమే ఉంచేస్తాను. 2023 నవంబరులో చెల్సీ మీద తొమ్మిది మందే మిగిలినా ఆ గీత వెనక్కి జరపలేదు, 1-4తో ఓడారు. అదే మనిషి బిల్బావోలో 42వ నిమిషంలో జాన్సన్ గోల్ పడ్డాక పెనాల్టీ బాక్స్ ముందు గోడ కట్టించాడు. యునైటెడ్ ఆటగాడు హోయ్‌లుండ్ తలతో కొట్టిన బంతిని వాన్ డి వెన్ గోల్ గీత మీద గాల్లోకి లేచి కాలితో తన్నేశాడు. మ్యాచ్ మొత్తంలో బంతి మన దగ్గర మూడో వంతు సేపు కూడా లేదు. గీత తగ్గించడం తెలుసు. లీగులో ఎందుకు తగ్గించలేదు అన్నదే నా బాధ.

వైట్‌హార్ట్ వీథి:
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఈ క్లబ్ అలవాటు కూడా చూడండి. 2019లో చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు తీసుకెళ్లిన పోచెట్టినోను నవంబరులో తీసేశారు. 2021లో లీగ్ కప్ ఫైనల్‌కు ఆరు రోజుల ముందు మౌరిన్యోను తీసేశారు.

కందర్ప:
అంతకు ముందుదీ ఉంది, అప్పటి కోచ్ రామోస్ కథ.

*రెండువేల యెనిమిదిలో రామొసునకు*
*లీగు కప్పు తెచ్చిన యేఁడె లీగునందు*
*రెండె పాయింట్లు దక్కెను, రిత్తమాట*
*గెలిచినందుకె గురువును గెంటి రపుడు*

గణయతి:
మొదటి పాదంలో యతి తప్పింది. రెం–రా: హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. ఎకారానికి ఇ, ఈ, ఏ చెల్లుతాయి, ఆకారం చెల్లదు. రామోస్ పేరును పాదం మొదటికి తెండి:

*రామొసునకును మునుపిట్లె రచ్చ జరిగె*

సంవత్సరం పోతుంది, పోనివ్వండి. ఫిబ్రవరిలో వెంబ్లీలో చెల్సీ మీద 2-1తో కప్పు, అక్టోబరులో ఎనిమిది లీగు మ్యాచులకు రెండే పాయింట్లతో అట్టడుగున ఉండగా ఉద్వాసన. ‘రిత్తమాట’ అని మూడో పాదం చివర పెట్టడం వల్ల నాలుగో పాదం ఖండితమయ్యే మాటగా కుదిరింది. పైన గౌతమీతీరం గారి పద్యానికి కావలసింది ఇటువంటిదే.

కుడివింగు:
పంపినవాళ్ల సంగతి సరే, వచ్చేది ఎవరు? ఈ 2025 జూన్ పత్రికల్లో నలుగురు కోచ్‌ల పేర్లు నలుగుతున్నాయి: బ్రెంట్‌ఫర్డ్ థామస్ ఫ్రాంక్, బోర్న్‌మత్ ఇరావోలా, ఫుల్‌హామ్ మార్కో సిల్వా, ప్యాలెస్ గ్లాస్నర్. నా ఓటు ఇరావోలాకు. 56 పాయింట్లు, తొమ్మిదో స్థానం, చూడముచ్చటైన ప్రెసింగ్ (బంతి కోసం ఎదుటివాళ్ల మీదికి దూకే ఆట).

హాఫ్‌లైను:
మ్యాచుల లెక్క వేయండి. లీగు 38, చాంపియన్స్ లీగ్ మొదటి దశలో 8, ఆగస్టులో పీఎస్‌జీతో సూపర్ కప్ 1, రెండు దేశీయ కప్పుల్లో తక్కువలో తక్కువ ఒక్కొక్కటి. మొత్తం 49, అదీ అన్నిటా తొలి అడుగులోనే ఓడితే. వారం మధ్యలో యూరప్ ఆట లేని జట్టుతో ఆడించిన ప్రెసింగ్, మంగళవారమో బుధవారమో ఆడి వచ్చిన కాళ్లతో సాగదు. ఇరావోలా గొప్పవాడే. కానీ ఈ కాళ్లకు మళ్లీ అదే మందు పోసినట్టవుతుంది.

గ్లాస్నర్ మే 17న సిటీని ఓడించి ఎఫ్ఏ కప్ తెచ్చాడు. అతని 3-4-2-1కి మన ఫుల్‌బ్యాక్‌లు పోరో, ఉడోగీ వింగ్‌బ్యాక్‌లుగా అతికినట్టు సరిపోతారు. ముగ్గురు సెంటర్ బ్యాక్‌లు ఏడాదంతా నిలబడాలి, చిక్కు అక్కడ. రొమెరో, వాన్ డి వెన్, డాన్సో ముగ్గురూ బాగుంటేనే ఆ ఆట నడుస్తుంది. ఒకరు పడితే బెంచీ మీద ఎవరున్నారు?

నా ఓటు ఫ్రాంక్‌కు. ఎదుటివాడిని బట్టి వెనక నలుగురా ఐదుగురా అని మార్చుకుంటాడు. కార్నర్లు, పొడవాటి త్రోలు సాధన చేయించి గోల్స్ రాబడతాడు. అతని దగ్గర ఎంబ్యూమో 20, విస్సా 19 లీగు గోల్స్ చేశారంటే, ఉన్నవాళ్లతో పని చేయించుకోవడం తెలిసినవాడు.

వైట్‌హార్ట్ వీథి:
బ్రెంట్‌ఫర్డ్ ఇంతవరకు యువేఫా (యూరప్ స్థాయి) పోటీ ఆడలేదు. లీగుతో పాటు యూరప్ ఆటల బరువు అక్కడ అతనికి ఎదురు కాలేదు. మీరు వేసిన 49 లెక్క అతనికీ వర్తిస్తుంది కదా.

హాఫ్‌లైను:
వర్తిస్తుంది. అందుకే అతనితో పాటు ఒక సెంటర్ బ్యాక్, ఒక డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ రావాలి. గోల్స్ పద్దు చూడండి: చేసినవి 64, ఇచ్చినవి 65. తేడా ఒక్కటే! పదిహేడో స్థానంలో ఉన్న జట్టుకు ఇలాంటి పద్దు అరుదు. ముందు వరుసను కూలగొట్టి మళ్లీ కట్టాల్సిన పని లేదు. పూడ్చాల్సింది వెనక ఖాళీనే. వచ్చేవాడికి నా పద్యం:

*కొత్త వాఁడవై వచ్చెడి గురువ! వినుము*
*లీగు పట్టిక విడిచిన లేదు బ్రతుకు*
*కడకు నాల్గు పోటీలలోఁ గప్పొకటియె*
*గెలిచినందుకె గురువును గెంటి రపుడు*

గౌతమీతీరం:
‘కప్పొకటియె’ దగ్గర సమస్య విడిపోయింది, హాయిగా ఉంది. క్లబ్ ప్రకటన సారాంశం కూడా ఇదే, ఒక్క విజయపు భావోద్వేగం మీద నిర్ణయం నిలబెట్టలేం, పలు పోటీల్లో పోటీ పడగలగాలి అని. ఒక సందేహం: ‘లేదు బ్రతుకు’లో ‘బ్ర’ ముందున్న ‘దు’ గురువవుతుందా? అయితే నాలుగో గణం చెడుతుంది.

గణయతి:
కాదండీ. ‘లేదు’, ‘బ్రతుకు’ వేర్వేరు తెలుగు మాటలు, సమాసం కాదు. పక్క మాట మొదట్లోని సంయుక్తాక్షరం వల్ల ‘దు’ గురువు కాదు, లఘువుగానే ఉంటుంది. ‘లేదు’ హగణమే. సమాసంలో అయితే మీరన్నది నిజం.

సంచాలకులు:
బాక్స్‌టుబాక్స్ గారి పద్యం సవరించిన రెండో పాదంతో, హాఫ్‌లైను గారి పద్యం ఉన్నదున్నట్టుగా ఈ వారం ఎంపికలు. వైట్‌హార్ట్ వీథి గారూ, మీ పక్షాన వాదన బలంగా ఉంది, పద్యమే ప్రశ్న దగ్గర ఆగింది. మూడో పాదంలో గాయాలను గాని, చాంపియన్స్ లీగ్ చోటును గాని కారణంగా తెచ్చి మళ్లీ రాయండి. ఆదివారం వరకు తీసుకుంటాం.